మొగిలి ఘాట్

"చలికాలానికి వేరే టైర్లుంటాయంట గదా?" అనడిగినా.
పలమనేరు రోడ్డులో ఖాజాపీర్ నవ్వలే.
జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి
నా వెనక టైరు గాడిలో నిలబెట్టినాడు.
బిళ్ళ మునగలే. అంచన్నా దాగలే.

"అవి మంచుగడ్డ పడే దేశాలకబ్బయా.
మనకు పడేది పొగమంచు,
దానికింద రేయంతా నానిన తారు,
టమోటా లారీలు కార్చిన రసం.
కాలం ఏదైనా గాడి ఉండాల."

"ఈ నెల పాలబిల్లు రానీలే" అన్నా.

తెల్లారుజామున
క్యాన్లేసుకుని ఘాట్ దిగతా ఉండా.
నా చెవులకు మఫ్లరుంది,
టైర్లకు తోలు గూడా లేదు.
మూడో మలుపులో బ్రేకు తొక్కితే
బండి రవ్వంతసేపు ఆలోచించి
నిలబడింది.

వెనక క్యాన్లలో పాలు మాత్రం
ఇంకా లోయకల్లా పోతానే ఉండాయి.