కొలతకు నిలబడ్డ మనిషి

ఏఈ సారు ఫోను పైకెత్తి
"ఎవరన్నా ఒకరు గోడ పక్కకు నిలబడున్రమ్మా,
ఎత్తు తెల్వాలె" అన్నడు.
ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం.
కేస్లీ గంప దించి, కొంగు సదురుకొని నిలబడ్డది.

అది మొదటి ఫొటో.
ఆమె మోకాళ్ల దాకా వచ్చింది సర్కారు.

నేను సంఘం లెక్కలు రాసేదాన్ని.
పద్నాలుగు వేలిముద్రలు, ఐదు సంతకాలు
నా తీర్మానాల కింద ఎండుతయి.
సీతాఫలం గుజ్జు తీసే కేంద్రం:
నూటికి అరవై సర్కారుది, ముప్పై బ్యాంకుది,
పది మాది.
మా పది మాత్రం ముందే కట్టాలె.
షాహెదా బీ రెండు మేకలమ్మింది.
ఎర్ర సాయమ్మ మెడల గుండ్లు అమ్మింది.
పెంటమ్మ తెచ్చిన యాభై నోట్లకు
జొన్నపిండి వాసన.

మంజూరు అనే మాట వింటానికి సల్లగుంటది.
విడుదల అనే మాట కోసం
పదమూడు సార్లు మండలానికి బస్సెక్కిన.

రెండో ఫొటో నాటికి గోడలు లింటలు కాడ ఆగినయి.
కేస్లీ చెయ్యి చాపితే పైవరస ఇటుక అందుతది.
ఆ పైన అంతా ఆకాశం,
దానికి అంచనా వెయ్యలే.

"వినియోగ పత్రం పంపితే మూడో విడత" అన్నరు.
పని అయితెనే పత్రం.
పైసలొస్తెనే పని.
బొక్కెన బాయిల పడ్డంక
తాడు ఇస్తమన్నట్టు.
అట్లట్ల మార్చి ఎల్లిపోయింది.
పైసలు వచ్చిన తొవ్వనే వాపసు పోయినయట,
మేం చూడకముందే.

గుట్ట మీది కాయకు మార్చి తెల్వదు.
బతుకమ్మ పండుగ ఇటు రాంగనే కన్ను విచ్చుతది.
విచ్చిన కాయకు రెండు దినాలే గడువు,
మూడో దినం మెత్తన,
నాలుగో దినం చీమలది.
హైవే మీద వ్యాను ఆపుకున్నోడికి ఈ సంగతి తెలుసు,
అందుకే సాయంత్రం దాకా బేరం చెయ్యడు.

మా దగ్గర ఒక ఫ్లెక్సీ ఉండె,
మంజూరైన దినం ఎవరో కట్టి పోయింది.
నవ్వే మొఖాలు లోపలికి తిప్పి
కప్పుకు పరిచినం.
సరిపోని కాడ నీలం పరదా.
మోచేతుల దాకా కడుక్కొని కూసున్నం,
చెంచాలు, గిన్నెలు, నల్లటి గింజల కుప్ప.
పైనుంచి ఆ మొఖాలు చూస్తనే ఉన్నయి.

జడ్చర్ల ఐస్‌క్రీం సేటు నలభై కిలోలు కొన్నడు.
పద్నాలుగు కిలోలు పులిసిపోయినయి.
అది గూడ రాసిన.

మూడో ఫొటోకు కొత్త సారు వచ్చిండు.
"ఇది కప్పు కాదు గద" అని నవ్విండు,
మల్ల తనే సిగ్గుపడి
కేస్లీని గోడ పక్కకు జరగమన్నడు.
గుజ్జంటిన చేతులు ఎనకకు పెట్టుకొని నిలబడ్డది.

మొన్న ఆఫీసుల క్లర్కు చాయ తాగవోతే
ఫైలు తిరగేసిన.
మూడు ఫొటోలల్ల ఆమెనే.
కింద పేరు లేదు.
"మనిషి ఎత్తు అందాజుగా ఐదు అడుగులు,
దాన్ని బట్టి గోడ" అని ఉంది.

ఊరికొచ్చి చెప్తే కేస్లీ సోంచాయించింది.
"గోడను నాతోటి కొలిచిండ్రు.
నన్ను దేనితోటి కొలిచిండ్రు?"

మేస్త్రీ దగ్గర టేపు అడుక్కొచ్చినం.
చెప్పులిడిచి గోడకు ఆనుకున్నది.
తల మీద స్కేలు పెట్టి సుద్దముక్కతోటి గీత గీసిన.
నాలుగడుగుల పదకొండు.

అంటే కాయిదాల మీద
మా గోడ ఉన్నదానికంటె జర పొడుగున్నది.

అందరం నవ్వినం.
కేస్లీ నవ్వలే.
"ఆ అంగుళానికి బిల్లు
ఎవరు ఎత్తుకున్నరో అడుగు,"
అన్నది,
గంప నెత్తికెత్తుకుంట.