ముప్ఫై ఏడో పాదసూచిక

పెన్నులు బయట పెట్టి రావాలి.
పెన్సిలు, కడిగిన చేతులు, ఊపిరి: ఈ మూడే లోపలికి.
హడర్స్‌ఫీల్డ్‌లో, కాలువ పక్క, పాత పత్రాల గదిలో
దిండు మీద పసిబిడ్డలా పడుకోబెట్టిన లెక్కల పుస్తకం.
ముందు నుంచి తిప్పితే ఉన్ని బేళ్ళు, కూలీలు, కోతలు.
వెనక నుంచి తిప్పితే
హానా ఓల్డ్‌రాయిడ్ అనే మిల్లు మనిషి
దొంగచాటుగా రాసుకున్న పంతొమ్మిది పద్యాలు.

వాటి మీదే నా పరిశోధన.
క్లాసులుండవు, పరీక్షలుండవు,
ముప్ఫై వేల మాటలు, ఒక గైడు, ఒక గడువు.
"దీంతో ఉద్యోగం వస్తుందా?" అంటారు,
"రాదు" అంటాను,
టైమెంతయిందంటే చెప్పినంత తేలిగ్గా.

పదకొండో పద్యం, నాలుగో పాదం:
గుడ్డ దొరకి, ఫలానాది నాకు.
ఆ ఫలానా మీదే సిరా ఒలికింది, సగం పురుగు తింది.
డ్రమ్ అని చదివాను.
డ్రమ్! ఇంకేం కావాలి?
మిల్లు మోత, గుండె మోత, సమ్మె ఊరేగింపు మోత,
ఒకదానికొకటి లంకె పెట్టి
ఐదు నెలల్లో ఒక అధ్యాయం లేపాను.
పునాది లేని మేడకి సున్నం కూడా కొట్టాను.
డాక్టర్ పెథిక్ మార్జిన్‌లో
సన్నటి పెన్సిలుతో ఒక్క మాట రాసింది:
"ఎవరన్నారు?"

రాత్రిళ్ళు కేర్‌హోమ్‌లో పని చేస్తాను.
ఫీజు అక్కణ్ణించే పుడుతుంది.
మాత్రలివ్వడం, దుప్పట్లు మార్చడం,
రెండు గంటలకోసారి ఒక్కొక్కర్నీ పక్కకి తిప్పడం.
పన్నెండో గదిలో వినిఫ్రెడ్ గార్‌సైడ్‌కి తొంభై మూడేళ్ళు.
ఆవిడకి నిద్ర పట్టదు, నాకు పట్టకూడదు.
ఒక రాత్రి రెండున్నరకి, ఊసుపోక,
ఫోనులో ఆ పేజీ చూపించాను.
కళ్ళజోడైనా అడగలేదు.

"థ్రమ్, బంగారూ. డ్రమ్ కాదు.
గుడ్డ కోసేశాక మగ్గానికి మిగిలిపోయే పోగుల కొసలు.
మా అమ్మ వాటితో గుమ్మం పట్టాలు కుట్టేది."
టీలో చక్కెర చాల్లేదని నన్ను తిట్టి
గోడవైపు తిరిగింది.

పదిహేడు పేజీలు కూలిపోయాయి.
అంత డ్రమ్ము,
పడినప్పుడు మోగనైనా లేదు.

తెల్లారి బస్సులో, అద్దం మీద వాన జారుతుంటే
ముందు నవ్వొచ్చింది.
పెడనలో మా మేనత్త భద్రావతి
అయిపోయిన పడుగు కొసలకి కొత్త పడుగుని
పోగు పోగునా, బూడిద అద్దిన వేళ్ళతో మెలేసేది.
ఆ కొసల్ని బిగించి పట్టుకోవడమే
నా ఎండాకాలం సెలవులు.
వాటికి తెలుగులో ఒక పేరు ఉండే ఉంటుంది.
అడగలేదు.
ఇంగ్లీషు చదువుకుంటున్న పిల్లని,
కొసల పేరుతో నాకేం పని?

అధ్యాయం మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి పొట్టిది.
ముప్ఫై ఏడో పాదసూచిక:
వినిఫ్రెడ్ గార్‌సైడ్, మాజీ నేత కార్మికురాలు, మౌఖికంగా.
అనుమతి పత్రం మీద సంతకం వణికింది గానీ
ఇంటిపేరులో ఒక్క అక్షరమూ వదల్లేదు.
రాత్రి రెండున్నర అని కూడా రాశాను.
శైలి నియమాల్లో దానికి చోటు లేదు, కొట్టేశాను.
మళ్ళీ రాశాను.

పెథిక్ ఈసారి ఏమీ అడగలేదు.
ఒక చిన్న టిక్కు, దాని కింద:
"గడువు శుక్రవారమే. మారలేదు."

పెడనకి ఫోను చేశాను.
మోగి మోగి ఆగిపోయింది.
అక్కడ మధ్యాహ్నం, వెలుతురు బాగుండే వేళ.
అత్త వేళ్ళకి బూడిద ఉండి ఉంటుంది.