పక్కదాన్ని జూసి

ముహర్రక్‌ల లూల్వా మేడం గది తాళం
ఇయ్యాల నేనే తీసిన.
ఏసీ బందై పన్నెండు దినాలు,
గోడలకు ఉప్పు చెమట.
సర్కారోళ్లు టేపుచుట్టలు లెక్కవెట్టుకుంటున్నరు.

డెబ్బై తొమ్మిదిల గా మిషిను
అరబ్బీ అక్షరాలను విడివిడిగ కక్కేది,
క్యాంపుల కొత్తగ దిగిన మనుషుల్లెక్క
పక్కపక్కనే, మాటల్లేక.
"మా అక్షరం పక్కదాన్ని జూసి
మొకం మార్చుకుంటది భద్రయ్యా,
దీనికెవడు చెప్పాలె?"
అనేది, వచ్చీరాని హిందీల.
ఇంకెవడు, ఆమెనే చెప్పింది. పదకొండేండ్లు.

తాత ముత్యాల పడవల మునిగేటోడంట,
ముక్కుకు తాబేటి చిప్ప బిగించుకొని.
ఈమె తెల్లారేదాక ఊపిరి బిగవట్టి
ఆకుపచ్చ తెరలకు దిగేది.
పైకి తాడు లాగేటోడు లేడు,
నా చాయ్ తప్ప.

ఓ రాత్రి నా పేరు మా లిపిల రాయమన్నది.
బ్లీచింగు వాసన చేతుల్తోని రాసిన.
ద కింద నక్కిన ర ను,
య కింద ఇంకో య ను
వేలు వెట్టి చాలాసేపు జూసింది.
"మీ దాంట్ల ఒకన్ని ఒకడు మోస్తరా?"
మోస్తం మేడం అన్న,
అప్పు సంగతి యాదికొచ్చి.
తెల్లారి బోర్డు మీద నా పేరు,
ఆమె చేతిరాతల, సుద్దతోని,
చుట్టూ బాణాలు, లెక్కలు.
తుడువలే నేను. మూడు నెలలు.

పేపర్ల ఆమె గురించి పెద్దపెద్ద మాటలేసిన్రు.
నాకు చదువరాదు.
బతాకా మీద నా పేరు
తెగకుండ అతికుంటది, గంతే ఎరుక.

పెట్టెలు ట్రక్కెక్కినయ్.
మేజ మీద చిన్న గ్లాసు మిగిలింది,
అడుగున ఎండిన కుంకుమపువ్వు రేక.
కడగాల్నా వద్దా అని
నిలవడ్డ.