తుమ్మ ముల్లు

గుంతకల్లులో కరెంటు పోయిందంటే
మా సందులో పాట మొదలైనట్టే.
కీ తిప్పేది దస్తగిరి.
కుట్టుమిషను తొక్కీ తొక్కీ కాళ్లకొచ్చిన లెక్క
ఆయన చేతికీ తెలుసు:
ముప్పై రెండు చుట్లు.
ఒకటి ఎక్కువైతే స్ప్రింగు అలుగుతుంది.

పెట్టె మాది కాదు.
రైల్వే కాలనీ గార్డు డిమెల్లో దొర
క్వార్టరు ఖాళీ చేసి పోతా పోతా
సైకిలు రిపేరు బాకీ కింద మా తాతకిచ్చిపోయినాడు,
పద్నాలుగు రికార్డులు, ఉమ్మెత్తపూవట్లా విచ్చుకున్న గొట్టం,
రెండు డబ్బాల సూదులు.
"పారేయొద్దు" అన్నాడంట.
ఇంకేమీ చెప్పలేదంట.

రికార్డుల మీది కాగితాలు చెదలు తినేసినాయి.
వాయించినోళ్లెవరో, ఏ ఊరో, ఏ కాలమో,
ఒకదాని మీద ఏడు అంకె మాత్రం మిగిలింది.
అందుకని మేమే పేర్లు పెట్టుకున్నాం:
గూడ్సుబండి. అత్తాకోడళ్లు. తాగుబోతు పెండ్లి.

మొదట శెనక్కాయలు వేగుతాయి
వేడి ఇసుకలో, మూకుడు నిండా.
ఆ చిటపటల అడుగు నుంచి
పియానో లేస్తుంది.
ఎడమ చెయ్యి కూలికి పోయే మనిషి,
పొద్దు తప్పడు, అడుగు తప్పడు.
కుడి చెయ్యి వాడి కొడుకు,
తిరనాళ్లలో వేలు విడిపించుకుని
రంగులరాట్నం కాడికి ఉరుకుతాడు,
తప్పిపోయినాడని గుండె జారేలోపల
నాయన పంచె పట్టుకుని నిలబడుంటాడు
ఏమీ ఎరగనట్టు.

మారెన్నది ఉరుము వాయించే వంశం.
మొదటిసారి విన్నప్పుడు మొగం చిట్లించి
"దెబ్బ పడాల్సిన చోట పడ్లేదే" అన్నాడు.
రెండోసారి ఏమీ అనలేదు.
మూడోసారి పుల్లతో అరుగు మీద
ఆ పడని దెబ్బను తానే వేసి చూసినాడు.
"కావాలనే వదిలినారప్పా,
మనం వచ్చి కూచుంటామని."
నేను చదివిన చదువులో
ఇంత మాట ఎవరూ చెప్పలేదు.

సుంకులమ్మకు పియానో పట్టదు.
బజ్జీల మూకుడు దించి, చేతులు కొంగుకు తుడుచుకుని
ఆమె వచ్చేది తాగుబోతు పెండ్లికే.
అందులో నాలుగు బూరలు ఒకేసారి మాట్లాడతాయి,
ఒకరి మాటకు ఒకరు అడ్డమొస్తా,
అయినా ఎవరూ కొట్టుకోరు.
"పంపకాలప్పుడు మావోళ్లు ఇట్ల అరుచుకోనుంటే
బాయి మిగిలేది" అంటుంది.

అసలు సంగతి చివరనుంది.
బూరలన్నీ ఆగినాక,
సూది లోపలి గీతకు జారకముందు,
ఎవడో నవ్వుతాడు.
తుమ్ముకన్నా పొట్టి నవ్వు.
దాని కోసం మూడు నిమిషాలు
ఊపిరి పొదుపు చేసుకుంటాం.

ఎందుకు నవ్వినాడని పదకొండేండ్లుగా తగువు.
తప్పు వాయించి దొరక్కుండా బయటపడినోడని దస్తగిరి.
కాదు, పక్కనోళ్లెవరో నవ్వించినారని సుంకులమ్మ.
"ఉరుము దించినాక నాకూ వస్తాది ఆ నవ్వు,
దానికి కారణముండదు" అని మారెన్న.

పోయిన ఎండాకాలం సూదులు అయిపోయినాయి.
ఆఖరిదాన్ని సానబట్టి సానబట్టి
చీమ మీసమంత చేసినాం.
అది కూడా విరిగింది.
నెలరోజులు కరెంటు పోతే
ఉత్త చీకటే.

ఒక సాయంత్రం మారెన్న
కసాపురం దోవలో మేకల ఎనక పోయి
తుమ్మ ముండ్లు కోసుకొచ్చినాడు తువ్వాల్లో.
ఎండబెట్టి, గచ్చు మీద రుద్ది,
మిషను నూనెలో ముంచి
ఒకటి బిగించినాం.

ఇనుము గీసినట్టు లేదు ఇప్పుడు.
పక్కింట్లో, తలుపు చేరవేసుకుని
వాయిస్తున్నట్టుంది.
శెనక్కాయలు వేగడం తగ్గింది.
తాగుబోతులు మెత్తబడినారు.
బూరలు ఆగినాయి.
నవ్వు.

దాని ఎనక,
ఇన్నేండ్లూ మాకెవరికీ వినపడనిది,
ఇంకో నవ్వు.
ఆడమనిషిది.

ఎవరమూ ఎవరి మొగమూ చూసుకోలేదు.
గొట్టంలోకి తొంగి చూసింది సుంకులమ్మ,
అక్కడెవరో కూచున్నట్టు.
"చెప్తే విన్నారా మీరు?"

అప్పుడే వచ్చింది కరెంటు.
మారెన్న లేచి పోయి
లైటు ఆర్పేసినాడు.
ముల్లు మొద్దుబారింది, మళ్లీ చెక్కాల.
దస్తగిరి చీకట్లో
బ్లేడు కోసం జేబు తడుముకుంటున్నాడు.