చల్లటి ఇంజను

ఎకరం ముప్పావు మాది, ఆనందపురం ఎగువన.
సగం చామంతి, సగం లిల్లీ, గట్టు వెంట కనకాంబరం.
మూడేళ్ళుగా అద్దె ట్రాక్టరు కోసం
ఫోను చెవికి ఆనించుకునే అదును పోగొట్టుకున్నాను.
వాన వెలిసిన రెండో రోజు మట్టి పదును మీదుంటుంది,
మూడో రోజు రాయవుతుంది.
వాళ్ళ బండి నాలుగో రోజు వస్తుంది.

చీటీ పాడుకున్న డబ్బు రొంటిన పెట్టుకుని
గాజువాక ఆటోనగర్‌లో దిగాను.
వెంట కొండబాబు మేస్త్రి.
షిప్‌యార్డులో ముప్పై ఏళ్ళు ఇంజన్లతో మాట్లాడి
ఇప్పుడు మనుషుల దగ్గర మాట పొదుపు చేసే మనిషి.

యార్డులో పదకొండు బండ్లు,
కొత్త రంగు వాసనకి కళ్ళు మండుతున్నాయి.
"ఒక్క చేతి మీద నడిచిందమ్మా" అని
దల్లాలీ జోగినాయుడు ఎర్ర బండి బానెట్ మీద చరిచాడు.
యాభై హార్సు పవరు.
"ఇది నీ మడి మలుపులో తిరగాలంటే
పక్కోడి మడి కూడా కొనాల" అన్నాడు మేస్త్రి.

రెండోది నీలం. ముద్దొచ్చే బండి.
మేస్త్రి రిమ్ము అంచున గోరు పెట్టి గీరాడు.
రంగు పొక్కులా లేచింది.
కింద తుప్పు, తుప్పులో తెల్లటి చుక్కలు.
"భీమిలి ఒడ్డున పడవలు లాగినాదిది.
ఉప్పు తాగిన ఇనుం.
రేపు నీ డబ్బు తాగుతాది."

మూలనున్న దానికి ఏ రంగో చెప్పలేం.
ఇరవై ఎనిమిది హార్సు పవరు,
సీటు చిరిగిన చోట ఎవరో యూరియా సంచి కుట్టారు.
మేస్త్రి ఇంజను మీద అరచెయ్యి ఆనించాడు,
పిల్లాడి నుదురు చూసినట్టు.
"మేం వస్తన్నామని పొద్దున్నే లేపేసేరేటి?"
జోగినాయుడు నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు.
"ఎల్దాం పదమ్మా."

మర్నాడు చెప్పకుండా వెళ్ళాం.
తెల్లారుజామున ఐదున్నర, గేటు దగ్గర కాపలావాడు పళ్ళు తోముకుంటున్నాడు.
ఇంజను కుండలా చల్లగా ఉంది.
మూడో తిప్పుకి దగ్గి లేచింది.
నల్లపొగ కాస్త, తర్వాత ఏమీ లేదు.
కల్టివేటరు పైకెత్తి, ఇంజను ఆపి
రోడ్డవతల టీ తాగడానికి పోయాం.
రెండు గ్లాసులు. మేస్త్రి తొందరపడలేదు.
తిరిగొచ్చేసరికి నాలుగు వేళ్ళు కిందికి దిగింది.
"సీళ్ళు పోయాయి. ప్రాణం ఉంది.
పదిహేను వేలు తగ్గించమను."
రివర్సు గేరు పడాలంటే మాత్రం బతిమాలాలి.

సీటు కింద రేకు పెట్టెలో ఒక పుస్తకం దొరికింది,
బడిపిల్లల రూళ్ళ పుస్తకం, మీద గ్రీజు వేలిముద్రలు.
ఆయిలు మార్చిన తేదీలు, డీజిలు లీటర్లు,
'కుడి టైరు, జీడితోటలో ముల్లు',
'ఫిల్టరు కడిగినాను, తుఫాను వొస్తాదంట'.
పేరు దాలయ్య. ఆర్సీలోనూ అదే పేరు.
ఆఖరి పేజీలో తేదీ ఉంది,
దానికి ఎదురుగా ఏమీ రాసి లేదు.

మీటరు పద్దెనిమిది వందల గంటలంటోంది.
పుస్తకం నాలుగు వేల పైమాటే అంటోంది.
జోగినాయుడు పుస్తకం కోసం చెయ్యి చాపాడు,
"పాత చెత్తమ్మా, పారేస్తాను" అని.
నేనివ్వలేదు.
మీటరును కాదని పుస్తకాన్ని నమ్మాను.
మేస్త్రి మొదటిసారి నా వంక చూశాడు.

రెండు లక్షల పది వేలు.
క్లచ్చు నా కాలికి అందేలా
వీపు వెనక గోనె మడిచి పెట్టుకున్నాను.
సబ్బవరం, పెందుర్తి, లారీలు హారన్ల మీద హారన్లు.
వెలిగేది ఒకటే లైటు.
మడ్‌గార్డు మీద కూర్చున్న మేస్త్రి
దారి పొడుగునా ఒకే మాటన్నాడు: "మెల్లిగా."

వాన పడ్డ రెండో రోజు దున్నాను.
పుస్తకంలో దాలయ్య తేదీ కింద
నా తేదీ వేసి, డీజిలు తొమ్మిది లీటర్లు అని రాశాను.
చెయ్యి సరిగా కడుక్కోకుండానే
తెల్లారి చామంతులు కోసి మార్కెట్టుకి పట్టుకెళ్ళాను.
కమీషను గురుమూర్తి బుట్టలోకి వంగి ముక్కు చిట్లించాడు.
"పువ్వులు డీజిలు కంపు కొడతన్నాయేటి తవిటమ్మా?"
కిలోకి రెండు రూపాయలు కోశాడు.
కోసుకోమన్నాను.