అద్దం లేని అరగంట

పటాన్‌చెరు దాటినంక రింగురోడ్డు మీద
కంకర టిప్పరొకటి
పట్టా కప్పుకోకుండ నా ముందల పోతున్నది.
పక్కకు తప్పుకుందామని ఇండికేటర్ ఏసిన్నో లేదో
టప్.
గంతే.
వెనక సీటు సారు ఫోన్లకెళ్లి తల కూడ ఎత్తలేదు.

నువ్వుగింజంత మచ్చ.
లోపలి దిక్కు తడిమితే నున్నగనే ఉంది.
"ఇప్పుడే ఆరొందలు పెట్టి మందు పోయించు బాలమణీ,
ఆగితే పాకుతది"
అడ్డా మీద మొగులయ్య చెప్పనే చెప్పిండు.
ఆ వారం గ్యాస్ బండకు తక్కువ పడ్డవి
సరిగ్గ ఆరొందలే.

మే నెల. బయట నలభై మూడు.
లోపల, ఏసీ ఇంకొంచెం పెంచక్కా అనే సవారీలు.
మెహిదీపట్నంల గింజకు తోక మొలిచింది.
లక్డీకాపూల్ సిగ్నల్ కాడికొచ్చేసరికి వానపాము.
నాంపల్లి టేషన్ ముంగట స్పీడ్ బ్రేకర్ ఎగిరినప్పుడు
నా కండ్ల ముందే, సప్పుడు లేకుండ
జానెడు పాకింది.
పదకొండు దినాలు
ఎదురొచ్చిన ప్రతి లైటుకూ మీసాలు,
ట్రాఫిక్ పోలీసు నడుము కాడ తెగి
రెండు ముక్కలుగ రోడ్డు దాటిండు.

పుత్లీబౌలిల యూనుస్ భాయ్ గోరుతో గీకి చూసిండు.
"ఇగ మందుకు లొంగదు దీదీ. పూరా మార్చాలె.
కంపెనీది ఎనిమిదిన్నర వేలు, బయటిది నాలుగు."
బయటిదాంట్లకెళ్లి చూస్తే రోడ్డు వంకరగ కనబడుతదా?
"వంకరేం లేదు. జర పచ్చగ కనబడుతది, బస్."
మూడు వేల ఏడొందలకు దిగిండు.

వైపర్లు ఇప్పిన్రు.
భాయ్ లోపల, పోరడు శుకూర్ బయట,
సన్నటి తీగెను నల్లబంకల దూర్చి
ఇటు నువ్వు గుంజు, అటు నేను గుంజుతా అన్నట్టు
నలుదిక్కులా కోసుకుంట పోయిన్రు.
ఫాస్టాగ్ చింపకుండ రాలేదు, అదొక ఖర్చు.
దాని కింద మూలకు నా బొట్టుబిళ్లలు తొమ్మిది,
రాత్రి డ్యూటీ దిగేటప్పుడు తీసి అంటించినవి,
మెరూన్‌వి ఎనిమిది, ఒకటి మాత్రం ఎర్రది.
ఎవ్వరూ వాటి గురించి మాట్లాడలేదు.

కొత్త అద్దం రాణిగంజ్ నుంచి ఆటోల రావాలె.
అప్పటిదాంక స్టీరింగ్ పట్టుకొని ఊకెనే కూసున్న.
నాలుగేండ్లల
ఎంతమందినో ఎక్కడెక్కడికో చేర్చిన గానీ
ఈ పట్నం గాలి ఎదురుంగ నా మొఖానికి కొట్టుడు
ఇదే మొదలు.
వెల్డింగ్ వాసన, ఉడికిన పాల వాసన,
టైర్ల దుకాణంల మబ్బు పట్టినట్టు రబ్బరు వాసన.
ఈగ ఒకటి వచ్చి స్పీడోమీటర్ మీద వాలింది,
సున్నా కాడ.
చాయ్ పోరడు డోర్ కాడికి రానేలేదు,
బానెట్ మీద వంగి
గ్లాసును నేరుగ డాష్‌బోర్డ్ మీద పెట్టిండు
హోటల్ గల్లా మీద పెట్టినట్టు.
"చక్కెర తక్కువనా అక్కా?" అన్నడు
దుకాణం నాదే అయినట్టు.

గోడకు ఆనిచ్చిన పాత అద్దాన్ని
శుకూర్ కింద పరిచి తొక్కిండు.
కరకరమని సాలెగూడైంది,
ఒక్క పెంకు రాలలేదు.
"నడుమ పొర ఉంటది దీదీ, పట్టుకుంటది" అన్నడు భాయ్.
దాన్ని దేనితోనన్న పోల్చాల్ననిపించింది.
చాయ్ సల్లారుతుందని ఊకున్న.

కొత్తది కూసుండబెట్టి టేపులు అంటించిన్రు.
"రేపటిదాంక డోర్లు గట్టిగ ఎయ్యొద్దు,
ఒక కిటికీ రెండు వేళ్లంత దించి పెట్టు,
లోపలి గాలి తంతే అద్దం లేస్తది."
పొద్దుగూకేదాంక ఎక్కిన ప్రతోళ్లకూ అదే మాట,
మెల్లగ సార్, డోర్ మెల్లగ.
అమీర్‌పేటల ఎక్కిన ముసలాయన
నిద్రపోయే పిలగాని రూమ్ తలుపు లెక్క ఏసిండు.

రాత్రి బోరబండల బండి ఆపిన.
కొత్త అద్దం మీద వేలిముద్ర కూడ లేదు.
అలవాటుగ నుదుటి బిళ్ల తీసిన.
చెయ్యి మూలదాంక పోయి ఆగింది.
ముంజేతి మీదనే అంటించుకొని
డోర్ మెల్లగ ఏసి
మెట్లెక్కిన.