ఎడమ పక్క గీత

గ్రిమ్స్‌బీలో శనివారం. చర్చి హాలు వెనకగది.
తలుపు తీసినప్పుడల్లా రేవు నుంచి చేపల వాసన
పిలవకుండానే లోపలికొచ్చి కూర్చుంటుంది.
నా బల్ల మీద అట్టముక్క:
కరెంటు సామాన్లు. ఉచితం. హామీ లేదు.

మౌరీన్ ఓట్లీ గారు మానిటర్నీ దాని పెట్టెనీ
దుప్పట్లో చుట్టి, మనవడి తోపుడుబండిలో తెచ్చారు,
బెల్టు కూడా పెట్టి.
"వెలుగుతుంది, వెంటనే ఆరిపోతుంది.
కొత్తది కొనమన్నాడు మా వాడు.
వాడికి అన్నిటికీ అదే మందు."

ముందు తెలిసినవే చేశాను.
తీగ మార్చాను. ఇంకో ప్లగ్గు. నా లాప్‌టాప్‌కి తగిలించాను,
మళ్లీ ఆవిడ పెట్టెకే తగిలించాను.
నీలం చుక్క మామూలుగానే వెలిగింది,
తన తప్పేమీ లేదన్నట్టు.
కంపెనీ పేరు వచ్చింది. ఒకటి, రెండు,
చీకటి.
మళ్లీ నొక్కాను. ఒకటి, రెండు.
వరసలో టోస్టరు చంకన పెట్టుకు నిలబడ్డాయన
నాతో పాటు లెక్కపెట్టడం మొదలెట్టాడు.

గదిలో లైట్లు ఆర్పమని
టార్చి తీసి, తెర మీదకి ఏటవాలుగా పట్టాను.
"ఇలా వచ్చి చూడండి."
ఆవిడ కళ్లజోడు నుదుటికి నెట్టి వంగారు.
నల్లటి నీళ్ల అడుగున ఇసుకలాగా
బొమ్మ ఉంది. అంతా ఉంది.
తుప్పురంగు పడవ, దాని మీద చిన్నచిన్న ఫైళ్లు,
మూలన గడియారం పదకొండూ ఇరవై. సరైన టైమే.
"అయితే చచ్చిపోలేదన్నమాట."
లేదండీ. బొమ్మ వేసేవాడు పనిలోనే ఉన్నాడు.
వెనక దీపం పట్టుకునేవాడే
రెండు క్షణాలకి చేతులు దించేస్తున్నాడు.

ప్లగ్గు పీకాక పది నిమిషాలు ఆగాలి.
లోపలి కరెంటు వెంటనే పోదు, కోపంలాగే.
ఆ పది నిమిషాలూ టీ తాగాం.
ముప్ఫయ్యొక్కేళ్లు చేపల వేలంశాలలో పద్దులు రాశారట.
ఏ పడవ ఎంత తెచ్చింది, ఏ పడవ ఎంత బాకీ,
ఏ పడవ రాలేదు.
"రాని పడవకి కూడా ఒక గడి ఉండేది" అంటూ
బిస్కట్టు టీలో ముంచి
అది విరిగి మునిగేదాకా మర్చిపోయారు.

నాలుగు స్క్రూలు. తర్వాత పాత బస్సు కార్డుతో
అంచు పొడవునా, టిక్, టిక్, చిక్కుడుకాయ ఈనె తీసినట్టు.
లోపల రెండు కెపాసిటర్లు,
నెత్తి చదునుగా ఉండాల్సినవి,
నూనెలో పడ్డ పూరీల్లా ఉబ్బి ఉన్నాయి.
ఇంత దానికా!

"టంకం అన్నం ముద్దలా పెట్టకమ్మా, బొట్టులా పెట్టు"
అనేవారు బెజవాడ పాలిటెక్నిక్‌లో మా సారు.
అలాగే పెట్టాను. రెండు కొత్తవి, మొత్తం ఎనభై పెన్నీలు.

బటను. నీలం చుక్క. ఒకటి, రెండు,
మూడు అని టోస్టరాయన గట్టిగా అరిచాడు.
పది. పన్నెండు. ఇక లెక్క మానేశాం.

వెలుగు నిలిచాక గానీ కనబడలేదు:
ఎడమ పక్క, అంచుకి రెండంగుళాల ఇవతల
పైనుంచి కిందికి సన్నటి ఎర్రగీత.
ఇది దీపం జబ్బు కాదు. గాజుకీ రిబ్బనుకీ మధ్య
వెంట్రుక కన్నా సన్నటి అతుకేదో ఊడింది.
దాన్ని నేను అతకలేను.
గొంతు సవరించుకున్నాను.
హామీ లేదని అట్ట మీద రాయడం తేలిక.

ఆవిడ గీత మీద వేలు పెట్టి
పైనుంచి కిందదాకా మెల్లగా జరిపారు,
స్కేలు పెట్టి గీసింది సరిగ్గా ఉందో లేదో చూసినట్టు.
"ఉండనీ. దీనికి ఇవతల తేదీ వేసుకుంటాను."

దుప్పటి. బెల్టు. తలుపు. చేపల వాసన.

తర్వాత టోస్టరు.
లోపల రొట్టెముక్క ఇరుక్కుంది, అంతే.